ఒంగోలు క్లౌ దొరగారి చరిత్రము



మన ఊళ్ళకు తూర్పున, సముద్రపుటిసుక దిబ్బలకు ఈవల, సరుగుడు తోపుల నడుమ ఉత్తరమునుండి దక్షిణమునకు సాగిపోవు బకింగుహాము కాలువను మీలో అనేకులు చూచియే యుందురు. వంతెన దాటునప్పుడు మనము దానివంక ఒకమారు చూచి, పూడిపోయిన కాలువయని ముఖము త్రిప్పుకొని పోవుచుందుము. ఆ గట్టుమీద ఒకప్పుడు ఏమి జరిగినదో, ఎవరి చేతులు ఆ మన్ను త్రవ్వినవో విచారించువారు అరుదు.

ఈ సంవత్సరము నా తరగతిలో లోకోపకారమును గూర్చి వ్యాసము వ్రాయుమని చెప్పితిని. ఒక విద్యార్థి రెండు పంక్తులు మాత్రమే వ్రాసి కాగితము నాకిచ్చెను. తాను పెద్దవాడై, ధనమును అధికారమును సంపాదించిన పిమ్మట లోకమునకు మేలు చేయుదునని దాని భావము. ఆ కుఱ్ఱవాడు మంచివాడే. అతని తలంపును దుష్టమైనది కాదు. కాని అది తప్పు లెక్క. ఆ లెక్క ఎక్కడ తప్పినదో చూపుటకై ఈ చరిత్రమును వ్రాయుచున్నాను. ఇది మన తీరమున పనిచేసిన యొక మనుష్యుని కథ. ఆయన చిన్ననాడు నేర్చిన యొక కూలిపని, ఇరువది సంవత్సరముల తరువాత మన దేశములో వేలమంది ప్రాణములను నిలిపినది.

జాన్ ఎవరెట్ క్లౌ 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని న్యూయార్కు రాష్ట్రమునందు, ఫ్రూస్‌బర్గు అను గ్రామము చెంత జన్మించెను. తలిదండ్రులు వ్యవసాయము చేసి జీవించువారు. ఉన్నచోట జరుగుబాటు లేక ఆ కుటుంబము పడమటి దిక్కునకు తరలి, మొదట ఇల్లినాయి రాష్ట్రమునకును, పిమ్మట అయోవా రాష్ట్రమునకును పోయెను. ఆ కాలమున అవి క్రొత్తగా సాగునకు వచ్చుచున్న ప్రదేశములు. పిల్లలైనను పెద్దలతో సమానముగా పనిచేయవలసినదే. బాలుడగు క్లౌ కష్టపడి పనిచేయుటకు అక్కడనే అలవాటుపడెను.

ఇంచుమించు పదునేడేండ్ల ప్రాయమున అతడు ప్రభుత్వపు భూమి కొలతవారియొద్ద కూలికి కుదిరి మిన్నెసోటా అడవులలోనికి వెళ్ళెను. అతని పని గొలుసు పట్టుట. బాలురారా, ఆ కాలపు సర్వేయర్ల గొలుసు సంగతి మీరు లెక్కలలో చదివియుందురు. దాని పొడవు 66 అడుగులు. దానికి 100 లంకెలు. 80 గొలుసులు ఒక మైలు. గొలుసుపట్టువాడు చదువరి కానక్కరలేదు, అధికారి కానక్కరలేదు. కాని అతడు నిజాయితీ గలవాడై యుండవలెను. ముందరి గొలుసులో ఒక లంకె తప్పినయెడల, ఆ తప్పు మైలు మైలునకు పెరిగి, చివరకు ఒకని పొలము మఱియొకని పాలగును. ఎవరును చూడని యడవిలో సరిగా కొలుచుట క్లౌ నేర్చిన మొదటి పాఠము. అతడు కొలది సంవత్సరములలోనే ఆ పనిలో ఆరితేరి, గొలుసు పట్టుటతో నిలువక, తానే సర్వేయరుగా నియమింపబడెను.

1857వ సంవత్సరమున అతడు అయోవాలోని బర్లింగ్‌టను పట్టణమున కళాశాలలో చేరెను. న్యాయవాదియై పేరు సంపాదింపవలెనని అతని యుద్దేశము. అచ్చట చదువుచుండగా అతని మనస్సు మారెను. దైవభక్తిని లెక్కచేయని యువకుడు భక్తిపరుడై, తన జీవితమును సువార్త సేవకు ఒప్పగించుకొనెను. 1861లో హారియెట్ సండర్లాండు అను ఆమెను వివాహమాడెను. 1862లో పట్టము పుచ్చుకొనెను. 1864వ సంవత్సరము నవంబరు నెలాఖరున ఆ దంపతులు బోస్టను రేవులో ఓడ యెక్కి, 1865 ఏప్రిలులో చెన్నపట్నము చేరి, అచ్చటినుండి నెల్లూరు వచ్చిరి.

ఆ దినములలో నెల్లూరి మిషను ఏ స్థితిలో నుండెనో కొంచెము చెప్పవలెను. 1840లో సామ్యూలు డే దొర నెల్లూరిలో ఆ సంఘపు పనిని స్థాపించెను. 1849లో లైమను జ్యూయెట్ దొర వచ్చెను. ఎంత పాటుపడినను ఫలము స్వల్పము. 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణమున జరిగిన మహాసభయందు, ఈ తెలుగు మిషనును మూసివేయవలెనా నిలుపవలెనా యను ప్రశ్న వచ్చెను. పటములో ఒంటరిగా ఒక్క చుక్కవలె కనబడుటచే దానికి ఒంటిచుక్క మిషనని పేరు కలిగెను. సామ్యూలు స్మిత్ అను కవి ఆ రాత్రియే దానిని గూర్చి పద్యములు వ్రాయగా, వానిని విని సభవారి మనస్సు కరగి, మిషను నిలిచెను. 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీన తెల్లవారుజామున జ్యూయెట్ దొరయు, దొరసానియు, ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండమీద మోకరించి, ఆ ప్రాంతమునకు ఒక పనివానిని పంపుమని దేవుని వేడుకొనిరి. ఆ ముగ్గురిలో నెల్లూరి జూలియా యొకతె. ఆ ప్రార్థన జరిగిన పండ్రెండేండ్లకు పైగా గడచిన పిమ్మట, 1866 సెప్టెంబరులో క్లౌ దొర ఒంగోలునందు కాపురముండుటకు వచ్చెను. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. 1904లో గుంటూరు జిల్లా యేర్పడినప్పుడు అందులో చేరినది. 1970నుండి తానే యొక జిల్లాకు ముఖ్యపట్టణమైనది.

1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ప్రారంభమయ్యెను. ఆ కాలముననే తాళ్ళకొండపాడునుండి యెఱ్ఱగుంట్ల పేరయ్య అను నతడు దొరయొద్దకు వచ్చెను. పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారము చేయువాడు. సత్యమును వెదకుచు గురువుల నాశ్రయించి యోగాభ్యాసము చేసిన జిజ్ఞాసువు. దొర తెచ్చిన బోధ విని విశ్వసించి, ఊరూర తిరిగి తనవారికి దానిని తెలిపెను. క్లౌ దొర చేసిన పనిలో గొప్పభాగము పేరయ్యవంటి తెలుగువారి కాళ్ళ నడకచేత జరిగినదే. పుస్తకములలో దొర పేరు పెద్ద అక్షరములతో నున్నది గాని, దుమ్ములో నడచిన పాదములు వీరివి. ఈ సంగతిని మీరు మఱువరాదు.

ఇంతలో ఒక పరీక్ష వచ్చెను. ఒంగోలులోని అగ్రవర్ణముల పెద్దలు కొందఱు తమ బిడ్డలకు పాఠశాల కావలెనని దొర నడిగిరి. దొర సంతోషించెను. పట్టణములోని గౌరవస్థులు తనయొద్దకు వచ్చిన, తక్కినవారు తామే వత్తురని అతడు తలంచియుండెను. పాఠశాల నడచుచుండగా, పల్లెలనుండి మాదిగలు వచ్చి సంఘములో చేరసాగిరి. పెద్దలు దొరయొద్దకు వచ్చి, వారిని చేర్చుకొనినయెడల తామును తమ బిడ్డలును ఇక రామని తెలియజేసిరి. దొర కలతపడి తన గదిలోనికి పోయి బైబిలు తెరచెను. కొరింథీయులకు వ్రాయబడిన మొదటి పత్రికలోని మొదటి అధ్యాయము కనబడెను. లోకము ఎన్నికచేయనివారినే దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చి చెప్పు భాగమది. ఆయన బయటికి వచ్చి భార్యతో చెప్పగా, వేరొక గదిలో ఆమెకును అదే భాగము కనబడినదని తెలిసెను. అంతటితో వారి సందేహము తీరెను. తలుపు అందఱికిని తెరచియుండుననియు, ఎవరి నిమిత్తమును మఱియొకరిని వెలుపల నిలుపుట జరుగదనియు దొర జవాబు చెప్పెను. పెద్దల పిల్లలు పాఠశాల విడిచి వెళ్ళిరి.

బాలబాలికలారా, ఇది యెంత కష్టమైన నిర్ణయమో యోచింపుడు. గౌరవస్థుల స్నేహము చేతికి వచ్చినది. దానిని నిలుపుకొనుటకు చేయవలసినదెల్ల, బీదవారిని కొంచెము వెనుక నిలువుమనుట మాత్రమే. మీకును ఇట్టి పరీక్ష ప్రతిదినము వచ్చుచున్నది. మధ్యాహ్నము భోజనమునకు కూర్చుండునప్పుడు, ఆటకు జట్టు కట్టునప్పుడు, ఒకనిని చేర్చుకొనినచో తక్కినవారు లేచిపోవుదురని భయము కలుగును. క్లౌ దొర ఆ భయమును ఎదుర్కొనెను.

సంఘములో చేరినవారికి ఊళ్ళలో కష్టములు తప్పలేదు. చచ్చిన గొడ్ల మాంసము తినరాదనియు, ఆదివారమున పనిచేయరాదనియు, విగ్రహారాధన మానవలెననియు దొర నియమములు పెట్టెను. ఊరివారు కోపించి, కొన్నిచోట్ల వారికి పనులు లేకుండచేసిరి. నీళ్ళు దొరకనీయక బాధించిరి. ఐనను వారు తమ పిల్లలకు చదువు కావలెనని అడుగుట మానలేదు. చదువు చెప్పువారు కావలసియుండగా, 1872లో మన తీరమందలి రామయపట్నమున బోధకులకు వేదాంత పాఠశాల ప్రారంభమయ్యెను. దొర అమెరికాకు పోయి, ఆ పాఠశాల నిమిత్తమును మిషను నిమిత్తమును ధనము ప్రోగుచేసికొని 1874లో తిరిగివచ్చెను.

ఇప్పుడు కాలువ కథకు వచ్చుచున్నాను.

1876వ సంవత్సరము తెలుగువారి లెక్కలో ధాత. ఆ యేడు వానలు కురియలేదు. మఱుసటి యేడును నైరుతి వానలు సరిగా పడలేదు. మన పెద్దలు ధాత కరవు అని చెప్పుకొన్నది అదియే. చెఱువులు నెఱ్ఱెలు విచ్చినవి. ఎడ్లు, ఆవులు మేతలేక చచ్చినవి. ధాన్యపు ధర పలురెట్లు పెరిగెను. కూలివాడు పొలములో పనిలేక, చేతిలో కాసులేక, ఆకులును దుంపలును పెఱికి తినవలసివచ్చెను. దక్షిణ హిందూదేశమంతటను ఆ రెండు మూడు సంవత్సరములలో చనిపోయినవారు 50 లక్షలకు పైబడియుందురని అంచనా. అప్పటి ప్రభుత్వము కరవు పనులు పెట్టెను గాని, ఖర్చు తగ్గింపవలెనను ఆతురతతో 1877 జనవరిలో సర్ రిచర్డు టెంపుల్ అను అధికారి కూలిని మిక్కిలి తగ్గించెను. మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయు మాత్రమే. పౌను అనగా మన అరకిలోకు తక్కువ. మన్ను త్రవ్వువానికి అది చాలదని చెన్నపట్నపు ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించెను. కొన్ని నెలలకు ఆ కొలతను మార్చవలసివచ్చెను. కాని అంతలో ఎందఱో నశించిరి. కాగితముమీద వ్రాసిన కొలతలోని చిన్న తప్పు ఎంతమందిని చంపగలదో చూచితిరా?

ఆ కరవు పనులలో ముఖ్యమైనది ఈ కాలువ. 1806లో చెన్నపట్నమునుండి ఎన్నూరు వరకు త్రవ్వబడిన చిన్న కాలువ అది. తరువాత కొంచెము కొంచెముగా ఉత్తరమునకు పెరుగుచు వచ్చెను. ఉప్పుటేళ్ళను, కయ్యలను ఒకదానితో నొకటి కలుపుచు కృష్ణానది కాలువలవరకు దానిని చేర్చవలెనని ఇంజనీర్లు సంకల్పించిరి. ఆకలిగొన్న జనులకు పని చూపవలసివచ్చినందున ఆ పని వేగిరపడెను. అప్పటి గవర్నరు బకింగుహాము ప్రభువు పేరే దానికి పెట్టబడెను.

క్లౌ దొర యింటి ముంగిట వందలకొలది జనులు చేరి అన్నమడుగుచుండిరి. చేతనున్న ధనము పంచిపెట్టినయెడల అది కొన్ని దినములలో అయిపోవును. అప్పుడు ఆయనకు తాను పదునేడేండ్లనాడు పట్టిన గొలుసు జ్ఞాపకము వచ్చినది. మట్టము చూచుట, నేల కొలుచుట, ఇంజనీరు వ్రాసిన పటము చదువుట ఆయనకు తెలిసిన విద్యలే. ఆయన అధికారులయొద్దకు పోయి, కాలువలో మూడున్నర మైళ్ళ భాగమును త్రవ్వించు కంట్రాక్టు తానే తీసికొనెను. మీ లెక్కలలో చెప్పవలెనన్న అది 280 గొలుసుల పొడవు. మిషనెరీ కంట్రాక్టరగుట వింతగా తోచవచ్చును. కాని ఆ దినమున ఆ జనులకు కావలసినది అదియే.

కాలువ గట్టుమీద పూరిగుడిసెలు లేచినవి. త్రాగునీటికి బావులు త్రవ్వబడినవి. పారలు, గడ్డపారలు, తట్టలు తెప్పింపబడినవి. పురుషులు త్రవ్వగా స్త్రీలు తట్టలతో మన్ను మోసిరి. తోళ్ళపని తప్ప ఏమియు తెలియనివారు, ఎన్నడును పార పట్టనివారు, ఎన్నియో దినములు నడచి అచ్చటికి వచ్చిరి. దారిలో పడిపోయి లేవనివారును గలరు. దొరయొద్దనున్న తెలుగు బోధకులే మేస్త్రీలై వారిపైని నిలిచిరి. పని నేర్పుట, లెక్క వ్రాయుట, సాయంకాలమున కూలి పంచుట వారి వంతు. విశ్రాంతివేళ వారు కూలివారిచెంత కూర్చుండి, వారి ఊరు పేరు అడిగి, వారి దుఃఖము విని, ధైర్యము చెప్పుచుండిరి. విషూచి జాడ్యము శిబిరములో ప్రవేశించినప్పుడును వారు పారిపోలేదు.

కరవు పనులలో కూలివానికి రావలసినది నడుమనున్నవారి చేతులలో తగ్గిపోవుట ఆ కాలమున సాధారణము. వ్రాయుటయు చదువుటయు రానివానికి తనకెంత రావలెనో తెలియదు. తెలిసినను అడుగ ధైర్యము లేదు. క్లౌ దొర భాగములో మాత్రము కూలి పూర్తిగా చేతికందుననియు, కొట్టుట తిట్టుట లేదనియు వార్త పల్లెలలో వ్యాపించెను. ఆ వార్త విని దూరపు ఊళ్ళవారు సహితము ఆ మూడున్నర మైళ్ళను వెదకికొనుచు వచ్చిరి. కులమని, మతమని అడుగుట లేదు. పని కావలసినవాడెల్ల పార పట్టవచ్చును. అట్లు వేలకొలది జనులు ఆ గట్టుమీద ప్రాణములు నిలుపుకొనిరి. ఆ దొర యడవిలో నేర్చిన నిజమైన కొలత, మన తీరమున ఆకలిగొన్నవాని గిన్నెలోని గంజియయ్యెను.

ఇచ్చట మఱియొక సంగతి గలదు. ఆ శిబిరములో బోధ విన్నవారు అనేకులు తమకు బాప్తిస్మమియ్యుమని అడిగిరి. మిషనెరీకి అంతకంటె సంతోషమేమున్నది? ఐనను క్లౌ దొర ఇయ్యనని చెప్పెను. ఆకలిగొన్నవాడు కూలిపెట్టువానియొద్ద అడుగునది హృదయమునుండి వచ్చినదో, కడుపునుండి వచ్చినదో ఎవరు చెప్పగలరు? ఆశచూపి జనులను చేర్చుకొనెనను నింద తనకును, అన్నమునకై మతము మారిరను అవమానము వారికిని కలుగరాదని ఆయన తలంచెను. పదునైదు నెలలపాటు ఒక్కరికిని బాప్తిస్మము జరుగలేదు. కరవు తీరి, సహాయ ధనము పంచుట ముగిసి, ఇక ఇచ్చుటకు ఏమియు లేదని అందఱికిని చెప్పిన పిమ్మటనే ఆయన వారి మనవి విన్నాడు. అప్పుడును జనులు తగ్గలేదు. గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద వారు గుంపులుగా కూడిరి. 1878 జూలై 3వ తేదీన ఒక్కదినమునందు 2,222 మంది ఆ యేటిలో బాప్తిస్మము పొందిరి. దొర తాను నీటిలో దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొనుచు ఆ పని నెరవేర్చిరి.

ఈ వార్త లోకమంతట వ్యాపించెను. పొగడినవారును గలరు, తప్పుపట్టినవారును గలరు. ఇంతమందిని తొందరపడి చేర్చుకొనెనని కొందఱు మిషనెరీలే విమర్శించిరి. చేరినవారికి చదువు చెప్పుటకు తగినంతమంది ఉపాధ్యాయులు లేకుండుట నిజమే. ఆ కొఱత తీర్చుటకే దొర మిగిలిన సంవత్సరములన్నియు పాటుపడవలసివచ్చెను. మహాత్ముల చరిత్రలు చదువునప్పుడు వారి పనిలోని కొఱతలను దాచిపెట్టరాదని నా యభిప్రాయము. కొఱతలున్న మనుష్యుడే మనకు మాదిరి కాగలడు. లేనివాడు మనకు అందడు.

ఆ పిమ్మట ఆయన పల్లెలలో చిన్న పాఠశాలలను, ఒంగోలులో పెద్ద పాఠశాలను పెంచెను. చెట్టుక్రింద ఇసుకలో అక్షరములు దిద్దిన మాదిగ పిల్లలు ఉపాధ్యాయులైరి, బోధకులైరి. 1893లో ఆయన భార్య హారియెట్ మరణించెను. మఱుసటి సంవత్సరము ఎమ్మా రౌషెన్‌బుష్ అను విదుషీమణిని ఆయన వివాహమాడెను. వార్ధక్యమున పడి కాలు విరిగి నడువలేక, కడపట స్వదేశమునకు మరలి, 1910 నవంబరులో న్యూయార్కు రాష్ట్రమందలి రోచెస్టరు పట్టణమున పరమపదించెను. ఆయన చెప్పుచుండగా విని భార్య సిద్ధపఱచిన ఆయన చరిత్రము 1914లో అచ్చుపడెను. ఒంగోలులో ఆయన పేరిట ఆసుపత్రి కట్టబడెను.

కాలువ మాట ఏమైనది? ఎంతోకాలము దానిమీద పడవలు నడచెను. ఉప్పు, బియ్యము, సరుగుడు కట్టెలు చెన్నపట్నమునకు పోవుచుండెను. రైళ్ళును లారీలును వచ్చి, తుపానులవలన గట్లు తెగి, పడవలు క్రమముగా నిలిచిపోయినవి. అందఱును దానిని మఱచిరి. 2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీ ఉదయము సముద్రము ఉప్పెనగా లేచి మన తీరముమీదికి వచ్చెను. అలలు ఇసుక దిబ్బలు దాటి వచ్చి ఈ కాలువలో పడి, అది నిండుటచేత వాని వేగము తగ్గినది. పెదగంజామునుండి చెన్నపట్నమువరకు సుమారు 310 కిలోమీటర్ల మేర అనేక గ్రామములకు ఇది కొంత కాపుదలయైనదని ఇంజనీర్లు పిమ్మట వ్రాసిరి. నూటయిరువదియేండ్లకు పూర్వము గంజి నీళ్ళకై తట్ట మోసిన తల్లి, ఎన్నడును చూడని బెస్తవాని బిడ్డను కాపాడినది. ఆమె పేరు ఏ పుస్తకములోను లేదు. మేలు చేయుటకు పేరు అక్కరలేదు, అధికారమక్కరలేదు అనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

ఇప్పుడు నా విద్యార్థి లెక్కయొద్దకు మరల వత్తము. పెద్దయి, ధనవంతుడై, పిమ్మట మేలు చేయుదునని అతడు వ్రాసెను. క్లౌ దొర ధనవంతుడు కాలేదు. ఆయనయొద్ద ఉన్నది బాల్యమున నేర్చిన కొలత విద్య, బీదవానికి తలుపు మూయకుండుట, ఇతరుని ఆకలిని తన లాభమునకు వాడుకొనకుండుట. ఈ మూడును పదునేడేండ్ల కూలికుఱ్ఱవానికిని సాధ్యమైనవే. మీకును సాధ్యమైనవే.

మీలో లెక్కలు వచ్చినవాడు, చౌకధరల దుకాణమునొద్ద చదువురాని అవ్వకు తూకమును చిల్లరయు సరిచూచి చెప్పవచ్చును. చక్కని వ్రాత గల బాలిక, పొరుగింటివారికి బ్యాంకు కాగితమో, ఆసుపత్రి కాగితమో నింపి పెట్టవచ్చును. తరగతి నాయకుడు హాజరు పట్టీలో స్నేహితుని కొఱకు అబద్ధపు గుర్తు పెట్టకుండవచ్చును. అదియు గొలుసులోని యొక లంకెయే సుమా. రొయ్యల గుంటలయొద్ద పనికి పోయి బడి మానిన తోటివాడు మీ వీధిలోనే యున్నాడు. సాయంకాలము వాని యింటికి పోయి ఆనాటి పాఠము చెప్పి, మరునాడు వానిని వెంటబెట్టుకొని రావచ్చును. బడి కొళాయి కారుచున్నయెడల, ఎవరో కట్టుదురులే యనక, చేయిచాచి కట్టవచ్చును. వీనిలో ఒక్కటియు వార్తాపత్రికలో పడదు. గుండ్లకమ్మ యొడ్డున కూడినంత జనము మిమ్ము చూచుటకు రారు. ఐనను ఆ అవ్వకు, ఆ తోటివానికి, మీరు చేసినది ఆనాటి గంజివంటిదే.

తలిదండ్రులారా, మీకును ఒక మనవి. మీ బిడ్డ ఇంటికి వచ్చి, ఈ దినమున ఒకరికి లెక్క సరిచూచి పెట్టితిననియో, ఒంటరిగా కూర్చున్నవానిచెంత భోజనము చేసితిననియో చెప్పినప్పుడు, చదువు మానుకొని ఇట్టి పనులెందుకని గద్దింపకుడు. మార్కుల పట్టీని చూచినంత శ్రద్ధతో ఆ మాటయు వినుడు.

నేను ఆ విద్యార్థి కాగితము తిరిగి ఇచ్చునప్పుడు మార్కులు వేయలేదు. కాలువ వంతెనయొద్దకు పోయి, ఆ గట్టుమీద ఒక గొలుసు దూరము, అనగా 66 అడుగులు, నడచి రమ్మని చెప్పితిని. అతడు వెళ్ళి వచ్చి, అంత మన్ను మనుష్యులు మోసిరా యని నన్నడిగెను. మోసిరని చెప్పితిని. మరునాడు మధ్యాహ్నము అతడు తన చోటు విడిచి, క్రొత్తగా చేరిన పిల్లవాని ప్రక్కకు పోయి కూర్చుండుట చూచితిని. అతని వ్యాసము అచ్చట ప్రారంభమయ్యెను. మీది ఎచ్చట ప్రారంభమగునో మీరే చూచుకొనుడు.